మూడో తొట్టి

రాజకుమారి గారి చెరువులో చేపలు తేలడం ఈ ఏడాది ఇది రెండోసారి. మొదటిసారి ఎండలన్నారు, నాచు పట్టిందన్నారు, సర్దుకున్నారు. ఈసారి మాత్రం మండవల్లి చుట్టుపక్కల ఒకటే మాట. సిరిజల అనే రొయ్యల కంపెనీ ప్లాంటులో పెట్టిన నీలం లైటు నీళ్లలోకి దిగి విషమైపోతోందని. ఆ లైటు మంచిదని రెండేళ్ల క్రితం ఊరి మీటింగులో నిలబడి చెప్పింది గ్రేస్. ఆ ప్లాంటు ల్యాబులోనే ఉద్యోగం, కొల్లేటికోట విశ్వాసం మేష్టారి కూతురు. పొద్దున్న ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోను మోగింది. "మీ నాన్నగారు మా చెరువు మకాం దగ్గర ఉన్నారండి. మీరు కూడా వస్తే ఇద్దరూ కలిసి వెళ్దురుగాని" అని రాజకుమారి గారి మరిది బుచ్చిబాబు ఎంతో మర్యాదగా చెప్పి పెట్టేశాడు.

గ్రేస్ స్కూటీ గట్టెక్కేసరికే కుళ్లు వాసన మొహాన కొట్టింది. చెరువు నిండా శీలావతులు, బొచ్చెలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. కూలీలు నడుంలోతు నీళ్లలో వల లాగుతున్నారు. చచ్చిన చేపల్ని తట్టలకెత్తి, గట్టు వారన తవ్విన గోతిలో పోసి సున్నం జల్లుతున్నారు. ఆమెను చూసి ఎవరూ పని ఆపలేదు. ఒకతను మాత్రం ఖాళీ తట్ట ఆమె బండికి అడ్డంగా విసిరేసి, తీరిగ్గా నడిచొచ్చి తీసుకున్నాడు.

మకాం అంటే కాపలా మనుషులుండే రేకుల షెడ్డు. దాని ముందు పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలో విశ్వాసం మేష్టారు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గొడుగు ఒళ్లో పెట్టుకున్నారు. చుట్టూ జనం. ఆయన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఒక్కరూ మాట తూలలేదు. ఆయన లేవబోయినప్పుడల్లా మాత్రం ఎవరో ఒకరు "కూర్చోండి మేష్టారూ, ఎండగా ఉంది" అంటున్నారు.

"నాన్నా, పదండి ఇంటికి" అంది గ్రేస్.

"వెళ్దురుగానండి. తొందరేముంది?" అన్నాడు బుచ్చిబాబు.

షెడ్డులోంచి రాజకుమారి బయటికొచ్చింది. భర్త పోయాక ఈ చెరువులన్నీ ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. కొల్లేటికోట మిషన్ బడిలో మేష్టారి దగ్గరే ఎక్కాలు నేర్చుకుంది. గ్రేస్‌ని చిన్నప్పట్నుంచీ "అమ్మాయ్" అనే పిలిచేది. ఇవాళ "అండీ" అంటుంటే, దానికన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది గ్రేస్‌కి.

"ఆ ప్లాంటు వాళ్లు మురుగునీళ్లలో క్లోరిన్ కలిపి వదిలితే కింది చెరువులన్నీ పోయాయి. మూయించేద్దామని ఊరంతా కూర్చుంది. అప్పుడు మీరు లేచి ఏం చెప్పారో గుర్తుందాండి?"

"గుర్తుందండి."

"అందరికీ వినపడేట్టు చెప్పండి."

గ్రేస్ జనం వైపు తిరిగింది. "ఇకమీదట క్లోరిన్ వెయ్యరని చెప్పాను. దాని బదులు అల్ట్రావయొలెట్ లైటు పెడతారని, నీళ్లు దాని కిందనుంచి పోతే సూక్ష్మజీవులు చస్తాయని, నీళ్లలో మాత్రం ఏమీ మిగలదని చెప్పాను."

"ఏమీ మిగలదు." రాజకుమారి చెరువు వైపు చెయ్యి చూపింది. "నిజమేనండి. నాకేమీ మిగల్లేదు."

కూలీల్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"మీరు పెద్ద చదువు చదివారని కాదు, మేష్టారి అమ్మాయి చెబుతోందని ఒప్పుకున్నాం. నేనే ముందు ఒప్పుకున్నాను. వద్దన్నవాళ్ల నోళ్లు నేనే మూయించాను. ఇవాళ వాళ్లంతా నా మొహం మీద నవ్వుతున్నారు. సాయంత్రం ఏలూరు నుంచి టీవీ వాళ్లొస్తున్నారండి. ఆ లైటు విషమని, మీకు తెలిసీ దాచారని వాళ్ల ముందు చెప్పండి. అంతదాకా మేష్టారు మా దగ్గరే ఉంటారు. భోజనం కూడా ఇక్కడే."

"తెలిసి దాచలేదండీ. అసలు లైటు వల్లే చచ్చాయంటే నేను నమ్మను."

"మీ నమ్మకంతో మాకేం పనండీ? చచ్చినవి మా చేపలు" అన్నాడు బుచ్చిబాబు.

"అయితే నా మాట నమ్మొద్దు. పరీక్ష చేద్దాం. తొట్లు మీవే పెట్టండి, చేపపిల్లలు మీ నర్సరీ చెరువులోవే పట్టించండి. లైటు కిందికి వెళ్లకముందు నీళ్లు ఒక తొట్లో, లైటు దాటాక నీళ్లు ఇంకో తొట్లో పోద్దాం. లైటే విషమైతే రెండో తొట్లోవి చావాలి. అవి చస్తే, మీరు చెప్పమన్న మాట అక్షరం తేడా లేకుండా చెబుతాను."

మేష్టారు అప్పుడు నోరు విప్పారు. "ఎందుకమ్మా ఈ పరీక్షలు? ఆవిడ అడిగిందేదో చెప్పేసి ఇంటికి పోదాం."

గ్రేస్ తెల్లబోయింది. తప్పు చేయనప్పుడు ఒప్పుకోవద్దని చిన్నప్పట్నుంచీ చెప్పిన మనిషి. భయపడిపోయారనుకుంది. ఆ భయం చూసేసరికి ఆమెకి రాజకుమారి మీద మొదటిసారి ఒళ్లు మండింది.

"నేను చెయ్యని తప్పు ఒప్పుకోను నాన్నా."

రాజకుమారి ఆమెను పరీక్షగా చూసింది. "మూడో తొట్టి కూడా పెట్టండి. మీ ప్లాంటు గొట్టం కోడు కాలవలో పడే చోట నీళ్లు పట్టండి. నా చెరువులోకి వచ్చేవి అవేకదండీ."

"అవీ రెండో తొట్టి నీళ్లూ ఒకటేనండి."

"ఒకటే అయితే మీకేం నొప్పి?"

*

ప్లాంటు గేటుకి రాజకుమారి మనుషులు రాత్రే గొలుసు వేసి తాళం పెట్టారు. సరుకు లారీ లోపలికి రాక, రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు తలకి ప్లాస్టిక్ టోపీలతోనే ప్రహరీ నీడన చతికిలబడ్డారు. అందరూ కొల్లేటికోటవాళ్లే. బుచ్చిబాబు తాళం తీస్తుంటే మణెమ్మ అనే పెద్దావిడ లేచి నిలబడింది.

"ఏవండీ, మా నోటికాడ కూడు లాగేస్తే మీ చేపలు లేచొస్తాయా? సర్కారోళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లన్నీ కొట్టేసి మమ్మల్ని రోడ్డున పడేసిన రోజున మీరెవరన్నా వచ్చి అడిగారాండీ?"

"నీ పని మీద నాకు కక్ష లేదు మణెమ్మా. పక్కకి జరుగు."

"జరగను. తొక్కుకుంటూ పోండి."

గ్రేస్ ఆమె భుజం మీద చెయ్యి వేసి బతిమాలింది. మణెమ్మ ఆ చేతిని తీసేసింది. "నువ్వు ఎవరి తరఫునమ్మా? అది చెప్పు ముందు." గ్రేస్ చేతులు జోడించింది. మణెమ్మే కాసేపటికి విసురుగా దారి ఇచ్చింది.

మేనేజరు సత్యనారాయణమూర్తి తెల్లారకముందే ఏలూరు వెళ్లిపోయాడట. ఫోను ఎత్తడం లేదు. షిఫ్టు చూస్తున్నది గ్రేస్ భర్త అనిల్ కుమార్. తాడేపల్లిగూడెం వాడు. గ్రేస్ కన్నా ముందే ఈ ప్లాంటులో చేరాడు. భార్యతోపాటు బుచ్చిబాబును చూడగానే అతని మొహంలో రంగు మారింది.

"లైటుకి ముందూ వెనకా నీళ్లిస్తాను, పట్టుకెళ్లండి. కోడు దగ్గరవి ఎందుకు? అక్కడ ఊరి మురుగు కూడా కలుస్తుంది" అన్నాడు.

"కలిసేది దిగువనండి. మీ గొట్టం మూతి దగ్గర ఏమీ కలవదు. నాకు తెలీదా?" అన్నాడు బుచ్చిబాబు.

లైట్లున్న కాలవకి పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. గ్రేస్ వంగి అందులోంచి చూసింది. కళ్లు జిగేల్మనేంత నీలం వెలుగు కనిపించాల్సిన చోట మసక మసగ్గా ఉంది. లైట్లను కప్పి ఉంచే గాజు గొట్టాల మీద రొయ్యల జిడ్డు అట్టకట్టింది. రెండు గొట్టాలైతే పూర్తిగా ఆరిపోయాయి.

"ఇవి ఎప్పుడు తుడిచారండీ?"

"మొన్నే."

"మొన్న తుడిచినవి ఇలా ఉంటాయా?"

"వాళ్ల ముందు అడగాలా ఇప్పుడు?" అన్నాడు అనిల్, గొంతు బాగా తగ్గించి.

బుచ్చిబాబు డబ్బాల్లో నీళ్లు పట్టిస్తుంటే, ఆమె బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. ఈ మసక వెలుగు ఒక్క సూక్ష్మజీవిని కూడా చంపలేదు. అయినా అనిల్ రోజూ గొట్టం మూతి దగ్గర పట్టి ల్యాబుకు తెచ్చిచ్చే శాంపిల్ నీళ్లలో బతికున్నది ఒక్కటీ కనపడటం లేదు. లైటు చంపకపోతే మరి వాటిని చంపుతున్నదేమిటి?

ల్యాబులోకి వెళ్లి అల్మారాలో వెనకెక్కడో పడి ఉన్న చిన్న మందు సీసా తీసి బ్యాగులో వేసుకుంది. నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చెప్పే మందు అది. ప్లాంటులో క్లోరిన్ మానేశారని ఆమె ఆ పరీక్ష చేయడమే మానేసింది.

*

మూడు తొట్లు పందిరి ముందు వరసగా పెట్టారు. బుచ్చిబాబే స్వయంగా నీళ్లు పోశాడు. వేలెడేసి శీలావతి పిల్లల్ని తలా ఇన్ని వదిలారు. జనం తొట్ల చుట్టూ మూగారు. అనిల్ బైకు మీద వెనకాలే వచ్చి మావగారి కుర్చీ పక్కన నిలబడ్డాడు. మేష్టారు అతని వైపు చూడలేదు. తొట్ల వైపూ చూడలేదు. ఆయన చూపు గొడుగు పిడి మీదే ఉంది.

మొదటి తొట్లో పిల్లలు అడుక్కి దిగి కుదురుగా తిరుగుతున్నాయి. రెండో తొట్లోనూ అంతే. బుచ్చిబాబు వేలితో నీళ్లు కదిపి చూశాడు. చురుగ్గా పక్కకి తప్పుకున్నాయి.

"ఇంకాసేపు చూడాలి" అన్నాడు అయిష్టంగా.

"చూడక్కర్లేదు బాబూ. ఇటు చూడండి" అన్నారెవరో.

మూడో తొట్లో పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి తొట్టి అంచు దాకా ఎగిరి మళ్లీ నీళ్లలో పడింది. ఇంకోటి గిర్రున తిరిగి ఒకవైపుకి ఒరిగిపోయింది. కాసేపటికి ఒక్కొక్కటే పొట్ట పైకి పెట్టింది. చెరువులో చేపలు ఎలా తేలాయో సరిగ్గా అలాగే.

రాజకుమారి వంగి చచ్చిన పిల్లనొకదాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"లైటు దాటిన నీళ్లలో బతికాయి" అంది మెల్లిగా. "గొట్టంలోంచి పడ్డ నీళ్లలో చచ్చాయి."

గ్రేస్ బ్యాగులోంచి సీసా తీసింది. మొదటి తొట్లోంచి గ్లాసుతో నీళ్లు ముంచి చుక్కలు వేసింది. రంగు మారలేదు. రెండో తొట్టి నీళ్లూ మారలేదు. మూడో తొట్టి నీళ్లలో చుక్కలు పడగానే పసుపు విచ్చుకుంది. చూస్తుండగానే ముదిరి నారింజరంగుకు తిరిగింది. గ్లాసు అందరికీ కనపడేట్టు పైకెత్తింది.

"క్లోరిన్" అంది. "బ్లీచింగ్ పౌడరు కలిపారు. అదీ చాలా ఎక్కువగా."

అక్కడున్నవాళ్లలో బ్లీచింగ్ పౌడరు తెలియనివాడు లేడు. చెరువు ఎండగట్టి కొత్తగా పిల్లల్ని వదిలే ముందు, ఉన్న పురుగూ పుట్రా చావడానికి జల్లేది దాన్నే. జనంలో ఒక్కసారిగా కలకలం రేగింది. బుచ్చిబాబు నోటికొచ్చిన బూతు మాట అనేశాడు.

రాజకుమారి చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "రోజూ పరీక్ష చేసేది మీరేకదండీ? మీకు కనపడలేదా?"

"నేను సూక్ష్మజీవుల్నే చూశానండి. క్లోరిన్ కోసం చూడలేదు. వాడటం లేదనుకున్నాను."

"అనుకున్నారు." రాజకుమారి చేతిలో చేపపిల్లని తొట్లోకి వదిలేసింది. "పాపం ఆ లైటుని అనవసరంగా ఆడిపోసుకున్నాం. మరి లైటు దాటాక, కోడులో పడేలోగా, ఎవరు కలుపుతున్నారండీ?"

లైటు దాటాక గొట్టం ఐసు షెడ్డు వెనక నుంచి పోతుంది. అక్కడికి వెళ్లేది షిఫ్టు మనిషి ఒక్కడే. గ్రేస్ తలెత్తి భర్త వైపు చూసింది. ఆమె చూపు వెంబడే అందరూ చూశారు.

"ఏవండీ, మీరేనా?"

అనిల్ పెదవులు తడుపుకున్నాడు. "మేనేజరు గారు చెప్పారు గ్రేస్. సంక్రాంతి వెళ్లాక లైట్లు పోవడం మొదలైంది. కొత్త గొట్టాలు బయట దేశం నుంచి రావాలన్నారు. వచ్చేదాకా కొన్నాళ్లు బ్లీచింగ్ వేసి లాగించమన్నారు. శాంపిల్ ఒక్కటి తప్పితే ప్లాంటు మూసేస్తారని..."

"ఆ శాంపిళ్లు మీరే తెచ్చి నా చేతికిచ్చారు. రోజూ. ఒక్కరోజైనా నాతో చెప్పాలనిపించలేదా?"

"చెబుదామనే అనుకున్నాను. నీకు చెప్పేముందు..." అతను ఆగిపోయాడు. కుర్చీ వైపు చూశాడు. "మావయ్యగారు వద్దన్నారు."

మేష్టారు గొడుగు ఆనించుకుని లేచారు. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు.

"అబ్బాయి చెప్పింది నిజమే" అన్నారు. ఏళ్ల తరబడి తరగతిలో పాఠం చెప్పిన గొంతు, ఆఖరి వరస దాకా వినపడింది. "నా దగ్గరకొచ్చి ఏడ్చాడు. ఆపేస్తానన్నాడు. నేనే ఆపొద్దన్నాను. అమ్మాయికి చెప్పొద్దన్నాను. చెబితే అది ఊరుకోదు, ప్లాంటు మూతపడుతుంది. కోటలో ఇంటికో ఆడమనిషి ఆ షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది. చెరువులు కొట్టేసిన ఏడాది ఆ ఇళ్లలో పిల్లలు ఏం తిన్నారో నేను చూశాను. కొంచెం బ్లీచింగ్‌తో ఏమవుతుందిలే అనుకున్నాను."

"మొదటిసారి నా చేపలు చచ్చినప్పుడు?" అంది రాజకుమారి.

మేష్టారు చెరువు వైపు తిరిగారు.

"అడుగుతున్నాను మేష్టారూ. అవి ఎందుకు చచ్చాయో అప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే మా ఇంటికొచ్చారు. ఎండలమ్మా, ధైర్యంగా ఉండు అన్నారు. మీ దేవుడికి నా కోసం ప్రార్థన చేస్తానన్నారు. మా ఇంట్లో పూజగది పక్కనే నిలబడి చేశారు. నేను కళ్లు మూసుకుని చేతులు జోడించాను." ఆవిడ గొంతు పెరగలేదు. అంతకంతకూ తగ్గుతోంది. "అప్పుడు కూడా మీకు తెలుసు."

"క్షమించమని అడిగే మొహం నాకు లేదమ్మా."

"లేదు. అడక్కండి."

గ్రేస్‌కి తండ్రి వైపు చూడాలనిపించలేదు. ఇందాక ఆయన కళ్లలో చూసిన భయం రాజకుమారి అంటే కాదు, తనంటే. తను పరీక్ష చేస్తుందని భయపడ్డారు. తన వాళ్లిద్దరూ కూడబలుక్కుని, తన మాటకున్న విలువనే అడ్డం పెట్టుకున్నారు. అనిల్ దగ్గరికి రాబోతే "అక్కడే ఉండండి" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

రాజకుమారి కొంగు దులుపుకుంది. "మేష్టారు ఇక వెళ్లొచ్చండి. ఎవరూ ఆపరు" అంది. తర్వాత మరిది వైపు తిరిగింది. "బుచ్చిబాబూ, తూము ఎత్తించు."

"ఏ తూము వదినా?"

"కోటవైపుది."

బుచ్చిబాబు మొహం పాలిపోయింది. "ఇన్ని చేపలు కుళ్లిన నీళ్లు వదినా ఇవి. కోడులోంచి తిన్నగా కొల్లేట్లోకి పోతాయి. కోటవాళ్లు వలలు, చేపలు పట్టే మావులు పెట్టుకునేది అక్కడే. గొడ్లు తాగేది అక్కడే."

"వాళ్ల పొయ్యిలు వెలగడానికి నా చెరువుని చంపారట కదా. విన్నావుగా? ఆ చెరువు నీళ్లు వాళ్లూ రుచి చూడాలి."

"రాజకుమారీ!" మేష్టారు కేకపెట్టారు. "వాళ్లకేం తెలుసమ్మా? ఆ ఆడవాళ్లకి ఏమీ తెలీదు."

"నా చేపలకి మాత్రం ఏం తెలుసండీ? ఎత్తండి!"

ఇద్దరు కూలీలు గునపాలు పట్టుకుని గట్టు మీదుగా తూము వైపు కదిలారు. బుచ్చిబాబు ఒక్క క్షణం తటపటాయించి, వాళ్ల వెనకే నడిచాడు. జనంలో సగం మంది అటు నడిచారు. సగం మంది ఉన్నచోటే ఉండిపోయారు.

గ్రేస్ పరిగెత్తింది. చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. కూలీల్ని దాటుకుని వెళ్లి, గట్టు పక్కనుంచి బురదలోకి జారి, తూము చప్టాలో నడుంలోతు నీళ్లలో నిలబడింది. చెరువు నీళ్లను ఆపుతున్న చెక్క పలకలకి వీపు ఆనించి రెండు చేతులూ చాపింది.

"గ్రేస్, పైకి రా! పలక లేస్తే కొట్టుకుపోతావ్!" అనిల్ గట్టు మీంచి అరిచాడు.

ఆమె అతని వైపు చూడలేదు. పైన నిలబడ్డ రాజకుమారినే చూస్తోంది.

"ప్లాంటు వాళ్ల మీద కేసు పెట్టండి. మా ఆయన మీద పెట్టండి, మా నాన్న మీద పెట్టండి. నేనే వచ్చి సాక్ష్యం చెబుతాను. ఈ నీళ్లు మాత్రం వదలొద్దండీ."

"మీ సాక్ష్యం ఒకసారి విన్నానండి. చాలు." రాజకుమారి ఆమె మీంచి చూపు తిప్పి కూలీలకి చెప్పింది. "ఎత్తమన్నాను."

కూలీలు బుచ్చిబాబు వైపు చూశారు. బుచ్చిబాబు వదినగారి వైపు చూశాడు. చివరికి ఒకడి చేతిలోంచి గునపం తీసుకుని, పై పలక సందులో మొన దూర్చి, దాని మీద బరువు వేశాడు.

పలక కిర్రుమంటూ జానెడు లేచింది. చచ్చిన చేపల్ని మోసుకుంటూ కుళ్లు నీళ్లు గ్రేస్ భుజాల మీంచి కోడులోకి దూకాయి.